కుండ తాగే నీళ్లు, జాడీ తాగని నీళ్లు

ఎండాకాలం. రాయలసీమలోని ఆలూరులో ఒక ఇంటి వసారా. మూలన తడి ఇసుక మీద నీళ్ల కుండ. చెయ్యి ఆనిస్తే పైనంతా చెమ్మ. లోపలి గదిలో, ఎండ తగలని చోట, మూతికి గుడ్డ కట్టిన ఊరగాయ జాడీ. పైభాగం గోధుమరంగు, కిందంతా తెలుపు. దాన్ని ఎంతసేపు తడిమినా పొడిగానే ఉంటుంది. రెండూ మట్టివే. రెండూ నిప్పులో కాలినవే. ఒకటి నీళ్లు తాగి చెమరుస్తుంది. రెండోది ఏడాది పొడవునా ఉప్పునూ నూనెనూ పులుపునూ కడుపులో పెట్టుకుని ఒక్క చుక్క బయటికి రానివ్వదు.

జాడీ లాంటి పాత్రను స్టోన్‌వేర్ అంటారు, రాయిలా గట్టిపడిన మట్టి అని అర్థం. కుండకూ దానికీ మధ్య ఉన్నది ప్రధానంగా నాలుగు వందల డిగ్రీల వేడి. ఆ నాలుగు వందల డిగ్రీల్లో ఏం జరుగుతుందో తెలిస్తే, ఆలూరు చుట్టూ పరుచుకున్న నల్లరేగడి కుమ్మరికి ఎందుకు లొంగదో, అదే రేగడి ఇంకోవిధంగా అతనికి ఎలా పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

చెమట లెక్క

ముందు కుండ సంగతి. మామూలు కుండ గోడ నిండా కంటికి కనిపించని సందులు. వాటిగుండా నీరు మెల్లగా బయటికి పాకి, పైన గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని కుండ నుంచి, కుండలో మిగిలిన నీటి నుంచి లాక్కుంటుంది. పది లీటర్ల నీళ్లు 40 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు దిగాలంటే సుమారు 500 కిలోజౌళ్ల వేడి పోవాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే తనతో తీసుకుపోయేది దాదాపు 2,400 కిలోజౌళ్లు. అంటే పావులీటరు లోపు నీళ్లు గాలిలో కలిస్తే చాలు, మిగతా నీళ్లన్నీ చల్లబడతాయి. వేడిగాలి నుంచి మళ్లీ వచ్చి చేరే వేడిని కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ.

గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలిలో ఉక్కపోసే ఊళ్లో కుండ చేయలేని పనిని సీమ ఎండలో అలవోకగా చేస్తుంది. గోడలో సందులు ఉండటం ఇక్కడ లోపం కాదు, దాని పనే అది.

అదే కుండలో ఊరగాయ పెట్టామనుకోండి. ఉప్పునీరు ఆ సందుల్లోకి చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పలుకులై లోపలే పెరుగుతుంది. పెరిగే పలుకు గోడను లోపలి నుంచి నెడుతుంది. కొన్నాళ్లకు కుండ పైపొర పొట్టుపొట్టుగా రాలిపోతుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో పెడదామంటే పులుపు లోహాన్ని తింటుంది. కళాయి పూయించేది అందుకే. ఏళ్ల తరబడి ఉప్పునూ పులుపునూ తట్టుకునే పాత్ర కావాలంటే గోడలోని సందులన్నీ మూసుకుపోవాలి. ఆ పని నిప్పు చేయాలి. కానీ దొరికిన ప్రతి మట్టిలోనూ నిప్పు ఆ పని చేయలేదు.

వాన రాసిన మట్టి

మట్టి అంటే చితికి, మారిపోయిన రాయి. మన గ్రానైటు గుట్టల్లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. రాతిలో లేత గులాబీగానో తెల్లగానో మెరిసే పలకలు అవే. అందులో ఇసుకకు మూలమైన సిలికా, అల్యూమినా, వాటితో పాటు పొటాషియం, సోడియం, కాల్షియం ఉంటాయి. వాన నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, వేల ఏళ్లపాటు ఆ రాతిని నానబెడుతుంది. ఫెల్డ్‌స్పార్ విడిపోయి బంకమట్టి పుడుతుంది.

ఎలాంటి బంకమట్టి పుడుతుందో తేల్చడంలో వానకు పెద్ద పాత్ర ఉంది. కేరళలో లాగా ఏళ్లకేళ్లు కుండపోతగా కురిస్తే, కాల్షియం, సోడియం, పొటాషియం లాంటి క్షారాలన్నీ కొట్టుకుపోతాయి. సిలికా, అల్యూమినా మాత్రమే మిగులుతాయి. అలా తయారయ్యేది కేయొలిన్ అనే తెల్లమట్టి. కొల్లం దగ్గరి కుందర మట్టి ఆ రకమే. పేరు మాత్రం చైనాలో పింగాణీకి పేరుమోసిన జింగ్‌డెజెన్ దగ్గరి గావొలింగ్ కొండ నుంచి వచ్చింది.

ఆలూరు వైపు కథ వేరు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నేలలోని క్షారాలను కడిగి సముద్రానికి చేర్చేంత నీరు ఎన్నడూ పడలేదు. అవి నేలలోనే ఉండిపోయాయి. అలాంటి చోట పుట్టేది స్మెక్టైట్ జాతి బంకమట్టి. నల్లరేగడిలో ప్రధానంగా ఉండేది అదే. పొలంలో దున్నినప్పుడు బయటపడే తెల్లటి సున్నపు కంకర కూడా కడుక్కుపోని కాల్షియమే. ఇక్కడి కరువు మట్టి అణువుల్లో కూడా రాసి ఉంది.

రెండు మట్ల నిర్మాణం చూడండి. స్మెక్టైట్‌లో ఒక్కో పలక ఓళిగ లాంటిది. పైనా కిందా సిలికా పొరలు, మధ్యలో పూర్ణంలా అల్యూమినా పొర. ఓళిగ మీద ఓళిగ పేర్చినట్టు ఉంటుంది కానీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవు. మధ్యలోకి నీరు దూరుతుంది, దొంతర మొత్తం ఉబ్బుతుంది. ఎండితే నీరు వెళ్లిపోయి కుంచించుకుపోతుంది. కేయొలిన్‌లో ఒక్కో పలకకు ఒక సిలికా పొర, ఒక అల్యూమినా పొర మాత్రమే ఉంటాయి. ఒకవైపు వెన్న రాసిన జొన్నరొట్టెల దొంతరలా పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మధ్యలో నీటికి చోటు లేదు. ఒక గ్రాము కేయొలిన్ రేణువుల ఉపరితలం పది, ఇరవై చదరపు మీటర్లు ఉంటే, ఒక గ్రాము స్మెక్టైట్‌ది ఏడెనిమిది వందల చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అంత మేర నీటిని పట్టుకుంటుంది కాబట్టే రేగడిలో వానలు వెనకబట్టాక కూడా శనగ పండుతుంది. అందుకే ఎండాకాలంలో ఆ చేలలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతాయి.

చేనుకు వరమైన ఆ గుణమే సారె మీద శాపమవుతుంది. ఒట్టి రేగడితో కుండ చేస్తే ఆరేటప్పుడే పగులుతుంది, చేనులో విచ్చిన నెర్రెలే కుండ మీదా విచ్చుతాయి. అందుకే కుమ్మరులు చెరువు ఒండ్రును వెతుక్కుంటారు. ఇసుకో బూడిదో కలిపి, కాళ్లతో తొక్కి, నీడలో ఆరబెడతారు. ఇసుక రేణువు ఉబ్బదు, కుంచించదు. మట్టి ముడుచుకుంటున్నప్పుడు మధ్యలో అది ఎముకలా నిలబడుతుంది, నీరు బయటికి పోవడానికి దారి ఇస్తుంది. ఏ పుస్తకమూ చదవకుండా తరతరాలుగా చేతి వేళ్లతో తేల్చుకున్న పదార్థ విజ్ఞానం అది.

నిప్పులో మెట్లు

ఇక ఆవం పేర్చి నిప్పు పెడదాం. మొదటి మెట్టు వంద డిగ్రీలు. మట్టిలో మిగిలిన తడి ఆవిరై పోతుంది. తొందరపడితే ఆవిరి బయటికి దారి దొరక్క కుండ పేలుతుంది. రెండో మెట్టు 450 నుంచి 600 డిగ్రీల మధ్య. ఇప్పుడు పోయేది రేణువుల మధ్య నీరు కాదు, మట్టి అణు నిర్మాణంలోనే భాగమైన నీరు. కేయొలిన్ ఇక్కడ తన బరువులో దాదాపు 14 శాతం కోల్పోతుంది. ఈ మెట్టు దాటాక వెనక్కి రావడం లేదు. ఎన్ని రోజులు నానబెట్టినా అది మళ్లీ మెత్తని మట్టి కాదు. ఈ మధ్యలోనే, 573 డిగ్రీల దగ్గర, మట్టిలో ఉన్న పలుగురాతి రేణువులు ఒక్కసారిగా కొంచెం ఉబ్బుతాయి. చల్లబడేటప్పుడు అదే చోట మళ్లీ ముడుచుకుంటాయి. ఆవాన్ని ఆరకముందే తెరిస్తే కుండలు చిట్లడానికి ఇదొక కారణం.

ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర రేణువుల అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నిప్పు ఎర్రగా ఉంటుంది. ఊరి ఆవం సాధారణంగా ఇక్కడే ఆగుతుంది. రేణువులు అతుక్కున్నాయి కానీ సందులు అలాగే ఉన్నాయి. కుండ పుట్టింది.

వేడి పెంచుతూ పోతే వెయ్యి డిగ్రీలు దాటాక పాత పలకలు పూర్తిగా చెదిరిపోయి, ముల్లైట్ అనే కొత్త ఖనిజం సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరగడం మొదలవుతుంది. స్కాట్లాండ్‌లోని మల్ అనే దీవి దానికి ఆ పేరిచ్చింది. 1,150 డిగ్రీలు దాటుతుండగా మట్టిలో కలిపిన ఫెల్డ్‌స్పార్ కరిగి, చిక్కని గాజు పాకమై సందుల్లోకి పాకుతుంది. 1,200 నుంచి 1,300 మధ్య సందులు దాదాపు మూసుకుపోతాయి. ముల్లైట్ సూదులు గాజులో అల్లుకుని కాంక్రీటులో ఇనుప కడ్డీల్లా నిలుస్తాయి. స్టోన్‌వేర్ పుట్టింది.

సందులు మూసుకున్నాయంటే పాత్ర చిన్నదైందని అర్థం. పచ్చి మట్టిగా ఉన్నప్పటి నుంచి కొలిస్తే పొడవులో 12 శాతం దాకా తగ్గుతుంది. పది అంగుళాల జాడీ చేస్తే చేతికొచ్చేది తొమ్మిది అంగుళాలకు లోపే. ఘనపరిమాణంలో అది మూడో వంతు నష్టం. స్టోన్‌వేర్ చేసే మనిషి తాను కోరిన జాడీని కాకుండా, నిప్పు తినగా అది మిగిలేంత పెద్ద జాడీని సారె మీద చేయాలి.

కాలిన పాత్రను వేలి గణుపుతో కొట్టి చూస్తారు. బాగా కాలి, పగులు లేని పాత్రలో కంపనం అడ్డులేకుండా తిరుగుతుంది, ఖంగుమంటుంది. సన్నని పగులు ఉన్నా అక్కడ కంపనం చెదిరి మొద్దుగా మోగుతుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కుమ్మర గుండయ్య కుండలు వాయిస్తూ శివుణ్ణే ఆడించాడు. కుండకు నాదం ఉందని తెలియాలంటే ముందు చాలా కుండల్ని కొట్టి విని ఉండాలి.

నాలుగు వందల డిగ్రీల ఖరీదు

ఎనిమిది వందల డిగ్రీలకు చేరినవాళ్లు ఇంకాస్త కట్టె వేసి 1,250కి ఎందుకు చేరలేదు? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. వేడి వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతం ప్రకారం పెరుగుతుంది. 800 డిగ్రీలంటే 1,073 కెల్విన్లు. 1,250 అంటే 1,523 కెల్విన్లు. లెక్క వేస్తే రెండో చోట పాత్ర నుంచి పారిపోయే వేడి నాలుగు రెట్లు. ఆరుబయట పేర్చి, పైన పెంకులూ మట్టీ కప్పిన ఆవం ఆ నష్టాన్ని భరించలేదు. మందపు ఇటుక గోడలు, గాలిని లాగే పొగగొట్టం, మంటను పాత్రల చుట్టూ తిప్పి కింది నుంచి బయటికి పంపే బట్టీ, గంటల తరబడి ఆగని మంట కావాలి.

మంట ఎంత వేడెక్కిందో తెలుసుకోవడమూ సమస్యే. కుమ్మరి కన్ను రంగును చూసి చెబుతుంది: మసక ఎరుపు, నిండు ఎరుపు, నారింజ, పసుపు, చివరికి తెలుపు. ఇంగ్లండులో కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో చిన్న మట్టి బిళ్లలు బట్టీలో పెట్టి, అవి ఎంత ముడుచుకున్నాయో కొలిచి వేడిని అంచనా కట్టాడు. జర్మనీలో రసాయన శాస్త్రవేత్త హెర్మన్ సేగర్ 1886లో కొలిచిన పాళ్లలో మట్టి, ఖనిజాలు కలిపి చిన్న శంకువులు చేశాడు. ఒక్కో శంకువు ఒక్కో వేడి దగ్గర మెత్తబడి తలవంచుతుంది. నేటికీ స్టోన్‌వేర్ చేసేవాళ్లు బట్టీ కంత లోంచి ఆ శంకువులు ఎప్పుడు వంగుతాయా అని చూస్తారు.

కట్టె కరువైన సీమలో అంత మంట ఎవరికి సాధ్యం? జొన్నసొప్ప పశువుల మేత, పత్తికట్టె పొయ్యిలోకి, పేడ పిడకలకు. తక్కువ కట్టెతో కాలే కుండ ఇక్కడి బతుకుకు సరిపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, వంటకు కుండే మేలు. మంట మీద పెట్టినప్పుడు అడుగు ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు. ఆ లాగుడికి పగులు పుడితే కుండ గోడలో అది ఒక సందు దగ్గరో ఇసుక రేణువు దగ్గరో ఆగిపోతుంది. గాజులా గట్టిపడిన స్టోన్‌వేర్‌లో పగులు ఆగే చోటు లేదు, ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. జాడీని పొయ్యి మీద పెట్టకూడదనేది అందుకే. సంగటికి కుండ, ఊరగాయకు జాడీ. ఒకటి ఇంకొకదానికి మెరుగైన రూపం కాదు. ఏ పనికి ఎంత నిప్పు అన్నదే అసలు లెక్క.

బూడిద గాజైన చోటు

ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు ఇటు వచ్చింది. సూటిగా చూస్తే బళ్లారి ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే. ఆ బళ్లారి చుట్టూ సంగనకల్లు, కుప్పగల్లు, కుడితిని ప్రాంతాల్లో కొత్త రాతియుగపు ఆనవాళ్లు ఉన్నాయి. వాటిలో వింతైనవి బూడిద దిబ్బలు. ఇటు అనంతపురం జిల్లా పాల్వాయిలోనూ అలాంటి దిబ్బ ఉంది. హంపీ దగ్గరి నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన బూడిదగా జనం చెప్పుకుంటారు.

ఆంగ్ల సైనికాధికారి టి. జె. న్యూబోల్డ్ ఈ దిబ్బల గురించి 1843లోనే రాశాడు. ఇవి అగ్నిపర్వతాల బూడిదా, లోహం కరిగించిన చిట్టెమా అని చాలాకాలం వాదనలు జరిగాయి. చివరికి తేలింది అవి పశువుల పేడ కాలిన బూడిదని. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు బూడిద పొరల్లో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు ముందు పెద్ద పెద్ద దొడ్లలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు.

మన కథకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ దిబ్బల్లో కొన్ని పొరలు మెత్తని బూడిద, కొన్ని పొరలు కరిగి గడ్డకట్టిన గాజు లాంటి చిట్టెం. పేడ గాజు ఎలా అయింది? గడ్డి తన కాడలో, ఆకుల్లో సిలికా దాచుకుంటుంది. గడ్డి ఆకు అంచు వేలిని కోసేది అందుకే. ఆవు గడ్డి తింటుంది, సిలికా అరగదు, పేడలోకి వస్తుంది. గడ్డిలోని పొటాషియం కూడా కొంత పేడలో చేరుతుంది. సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు కావాలి. పొటాష్, సున్నం లాంటి క్షారాలు తోడైతే అంతకన్నా వందల డిగ్రీలు తక్కువలోనే కరిగి గాజవుతుంది. బూడిదతో గిన్నె తోమితే జిడ్డు వదిలించే క్షారమే నిప్పులో ఇసుకను కరిగిస్తుంది. పెద్ద దిబ్బ లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా కప్పి ఉంచింది కాబట్టి అంత వేడి పేరుకుంది.

జాడీ మీద మెరిసే పొర, గ్లేజు, ఇదే రసాయనం. సిలికా, దాన్ని కరిగించే క్షారం, కరిగినది కారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, ఈ మూడూ కలిస్తే గ్లేజు. చైనాలో షాంగ్ రాజుల కాలంలోనే, క్రీస్తుపూర్వం 1500 ప్రాంతంలో, బట్టీలో ఎగిరిన కట్టె బూడిద కుండల భుజాల మీద పడి గాజుగా మెరవడం కుమ్మరులు చూశారు. తర్వాత బూడిదను తామే కలిపి పూయడం నేర్చుకున్నారు. ఇక్కడ దొడ్లో జరిగింది, అక్కడ కుండ మీద జరిగింది.

ఓడలెక్కిన జాడీ

ఆ జాడీలు మనదాకా సముద్రం మీద వచ్చాయి. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి బయల్దేరిన పెద్ద పెద్ద జాడీలకు ఆ రేవు పేరే స్థిరపడింది. ఊరగాయ జాడీని ఉర్దూలో మర్తబాన్ అంటారు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తన తూర్పు ప్రయాణంలో ఒక రాకుమారి తనకు అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరేసి నింపిన నాలుగు మర్తబాన్లు పంపిందని రాసుకున్నాడు. ఓడ ప్రయాణానికి కావలసిన తిండి అది. మన ఆవకాయ జాడీకి పూర్వీకులు అలలమీద తిరిగినవాళ్లు. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో, విజయనగర రాజధాని హంపీలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. గొప్పింటివాళ్ల భోజనాల్లో ఆ పాత్రలు ఉండేవి.

మన కాలంలో చేత్తో చేసే స్టోన్‌వేర్‌కు దక్షిణాదిలో ఒక గట్టి పాదు పడింది పుదుచ్చేరిలో. 1971లో దెబోరా స్మిత్, రే మీకర్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. పళ్లేలు, గిన్నెలు, కప్పులు, కూజాలు, ఇంట్లో రోజూ వాడేవే చేశారు. దేశంలోని స్టూడియో కుమ్మరుల్లో చాలామంది అక్కడ పని నేర్చుకున్నవాళ్లే. ఇలాంటి చోట పాత్ర సాధారణంగా రెండుసార్లు నిప్పు చూస్తుంది. మొదట వెయ్యి డిగ్రీల లోపు కాల్చి, నీళ్లు పీల్చే స్థితిలోనే గ్లేజు నీళ్లలో ముంచుతారు. పాత్ర నీరు పీల్చుకుంటుంది, గ్లేజు పొడి పైన పొరగా నిలుస్తుంది. రెండోసారి 1,250 దాటించి కాలుస్తారు. అంటే జాడీ కూడా సగం దారిలో ఒకసారి నీళ్లు తాగుతుంది. ఆ ఒక్క దాహం వల్లనే దానికి మెరుపు వస్తుంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. తక్కువ వేడిలో కరిగే గ్లేజుల్లో సీసం కలిపే అలవాటు ప్రపంచమంతటా ఉండేది. పులుపు తగిలితే ఆ సీసం తిండిలోకి దిగుతుంది, పిల్లల మెదడుకు చేటు. స్టోన్‌వేర్ వేడికి సీసం అక్కర్లేదు, ఫెల్డ్‌స్పార్, సున్నం, బూడిద చాలు. ఊరగాయకు జాడీ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రేగడి చేయగల పని

ఇప్పుడు ఆలూరు మట్టి దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక స్టోన్‌వేర్ బట్టీ పెట్టాలంటే పాత్ర ఒళ్లు ఈ నేల నుంచి రాదు. 1,250 డిగ్రీల్లో నిలబడాలంటే క్షారాలు కడుక్కుపోయిన మట్టి కావాలి. వానలు కురిసే చోటి కేయొలిన్ తెప్పించుకోవాలి, నెల్లూరు గనుల ఫెల్డ్‌స్పార్ కలుపుకోవాలి. రేగడిని ఆ వేడిలో పెడితే నిలబడదు, మెత్తబడి, ఉబ్బి, కరుగుతుంది. అందులో సున్నం, పొటాష్, సోడా, మెగ్నీషియం, ఇనుము ఉన్నాయి మరి. అవన్నీ కరిగించేవే.

కరిగేది ఒళ్లుగా పనికిరాదు. కానీ గ్లేజుకు కావలసింది కరిగేదే. సిలికా ఉంది, అల్యూమినా ఉంది, క్షారాలు ఉన్నాయి, రంగుకు ఇనుము ఉంది. తక్కువ వేడిలో కరిగే ఇలాంటి ఇనుపమట్టిని నీళ్లలో కలిపి పూసి, గోధుమరంగు మెరుపు తెచ్చే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఆల్బనీ మట్టిని 19వ శతాబ్దంలో జాడీల లోపల అలాగే పూసేవాళ్లు. జాడీ పైభాగపు గోధుమరంగు ఇనుము ఇచ్చేదే.

ఎవరైనా కాల్చి చూడొచ్చు. చేనులోంచి దోసెడు రేగడి తెచ్చి, నీళ్లలో కలిపి, సున్నపు కంకర, రాళ్లు అడుక్కి దిగాక పైనున్న చిక్కని నీటిని వంచుకోవాలి. రేగడి ఒక్కటే పూస్తే ఆరేటప్పుడు నెర్రెలిచ్చి ఊడుతుంది కాబట్టి, అందులో కొంత భాగాన్ని ముందే కాల్చి పొడి చేసి కలపాలి. ఒక బిళ్ల మీద అలాగే, ఇంకో బిళ్ల మీద పదో వంతు పత్తికట్టె బూడిద కలిపి, మూడో దాని మీద ఐదో వంతు కలిపి పూయాలి. మూడింటినీ ఒకే బట్టీలో, ఒకే శంకువు వంగేదాకా కాల్చాలి. చల్లారాక మూడు బిళ్లలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ చేనులో ఎంత క్షారం ఉందో మెరుపే చెబుతుంది. భూసార పరీక్ష కాగితం మీద అంకెలుగా కనిపించేది ఇక్కడ రంగుగా కనిపిస్తుంది.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక్క పెట్టు అని సామెత. ఏడాది కష్టంలో మట్టి తొక్కడం, సారె తిప్పడం మాత్రమే కాదు, ఏ మట్టి ఏ నిప్పుకు ఏమవుతుందో చూసి గుర్తుపెట్టుకోవడం కూడా ఉంది. ఆ చూపు ఈ నేల మీద తరతరాలుగా ఉంది. ఆలూరు బడిలో రసాయనశాస్త్రం చదివే పిల్లలకు ఆ మూడు బిళ్లలు చూపించాలని నా కోరిక. వాన చాలక తమ నేలలో మిగిలిపోయిన క్షారమే నిప్పులో ఇంత మెరుపైందని వాళ్లు చేత్తో తడిమి తెలుసుకోవాలి.